పడమర ఎక్కడ మొదలవుతుందంటే

టెక్సస్‌లో పడమర ఎక్కడ మొదలవుతుందో డ్రై ఫోర్క్ ఊళ్ళో పాదిరికి తెలీదు, బడి పంతులికి తెలీదు. హోయ్ట్ ప్రుయిట్‌కి తెలుసు. ఎందుకంటే ఆ సరిహద్దు ఆయన చొక్కాజేబులో ఉంటుంది. ఉత్తమాట కాదు, నిజంగా జేబులోనే: ఒక ఎర్ర ఊలు దారపు ఉండ, గుప్పెడు గుండుసూదులు.

హోయ్ట్ పని గాలిమరలూ బోరు పంపులూ బాగుచెయ్యడం. ఆ చుట్టుపక్కల పత్తి చేలల్లో ఆయన చెయ్యి పడని పంపు లేదు. మాట మంచిది, పని మంచిది, అబద్ధం ఆడమన్నా ఆడడు. ఒక్క బడిపిల్లల ఫుట్‌బాల్ దగ్గర తప్ప. అక్కడ మాత్రం ఆయన నోటికి అడ్డూ ఆపూ లేదు.

ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదనుకునేరు. రెండు కొసలూ కోసుగా ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని, ఎదురొచ్చినవాణ్ణల్లా గుద్దుకుంటూ పోవడం. పదహారేళ్ళ పిల్లలు గుద్దుకుంటుంటే అరవయ్యేళ్ళవాళ్ళు గొంతులు చించుకోవడం. ఆకురాలు కాలంలో శుక్రవారం సాయంత్రం డ్రై ఫోర్క్‌లో ఎవడైనా పెళ్ళి పెట్టుకుంటే పెళ్ళికూతురు కూడా రాదు. శుక్రవారం పోయినవాణ్ణి ఆదివారం దాకా ఎవరూ ఏడవరు. అంతటి భక్తి.

ఏటా డిసెంబరులో రాష్ట్రం మొత్తానికి ఆఖరి పోటీలు. పెద్ద బళ్ళకో కప్పు, చిన్న బళ్ళకో కప్పు, ఇంకా చిన్నవాటికి ఇంకోటి. తరతరాలుగా ఎన్ని కప్పులు తూర్పుకి పోయాయి, ఎన్ని పడమరకి వచ్చాయి అన్నదే మార్లా కాఫీ హోటల్లో రోజూ పొద్దున్న జరిగే పంచాయితీ. ఆ హోటలు గోడ మీద రాష్ట్రం పటం ఉంది. దాని మీద ఎర్ర దారం. దానికి ఇటు పడమర, అటు తూర్పు. దారం కట్టింది హోయ్ట్, కదిపేదీ హోయ్టే.

మొదట్లో ఆ దారం ఊరికి దగ్గర్లోనే, మిట్టనేల విరిగిపడేచోట ఉండేది. అలా అయితే పడమరకి కప్పులు బొత్తిగా తక్కువ. "జనాభా చూడండిరా! వాళ్ళకి పిల్లలు గంపలకొద్దీ. తలకి ఎన్ని కప్పులో లెక్కెయ్యండి," అన్నాడు హోయ్ట్. తలల లెక్కా కలిసిరాలేదు. "వానల్ని బట్టి లెక్కెయ్యండి. చుక్క నీళ్ళు లేకుండా గెలుస్తున్నాం మనం," అన్నాడు. ఒక ఏడు మన దగ్గర వాన బాగా పడి ఆ లెక్కా చెడింది. ఆ తర్వాత చెట్లతో భాగించాడు. చెట్టుకి ఎన్ని కప్పులు అంటే పడమరని మించినవాడు లేడు, మన దగ్గర చెట్లుంటే కదా.

"ఒరేయ్ హోయ్ట్, చెట్టుకీ కప్పుకీ ఏంట్రా సంబంధం? బోడిగుండుకీ మోకాలికీ ముడేస్తున్నావు," అన్నాడు డోయల్. డోయల్ పత్తి రైతు, చిన్నప్పట్నుంచీ హోయ్ట్‌కి జతగాడు, ఎదురు చెప్పకపోతే కాఫీ అరగనివాడు.

"నీడలో ఆడితే ఎవడైనా గెలుస్తాడురా," అన్నాడు హోయ్ట్.

లెక్కలు తిప్పి తిప్పి అలిసిపోయాక దారాన్నే తిప్పడం మొదలెట్టాడు. నది దాకా జరిపాడు. ఒక బడి గెలిచింది, ఆ ఊరు పడమర అయింది. ఫోర్ట్ వర్త్ దాకా జరిపాడు, అక్కడివాళ్ళు మనలాగే వెడల్పంచు టోపీలు పెట్టుకుంటారు కాబట్టి మనవాళ్ళే అన్నాడు. డాలస్‌ని దాటించి మరీ దారం లాగినప్పుడు మార్లా కాఫీ కూజా పట్టుకుని నిలబడిపోయింది.

"హోయ్ట్ మామా, మరి డాలస్?"

"డాలస్ ఏ దిక్కూ కాదమ్మా. అది కార్లు ఆపుకునే చోటు."

ఓడిన ఊళ్ళని మాత్రం వదిలించుకునేవాడు. మన పక్క ఊరు వరుసగా ఓడుతుంటే దాని చుట్టూ దారంతో చిన్న సున్నా చుట్టి, "వాళ్ళ అమ్మమ్మలందరూ తూర్పునుంచి వచ్చినవాళ్ళే," అన్నాడు.

ఇంత పిచ్చి ఎందుకంటారా? ఉందొక పుండు. హోయ్ట్ కుర్రవాడిగా ఉన్నప్పుడు డ్రై ఫోర్క్ ఒకే ఒక్కసారి ఆఖరి పోటీకి వెళ్ళింది. ఎదుటివాళ్ళు పైన్ బ్రాంచ్, తూర్పున దేవదారు అడవుల అంచు ఊరు. ఒక్క పాయింటుతో ఓడారు. హోయ్ట్ మైదానం పక్కన కూర్చుని పసివాడిలా ఏడుస్తుంటే, పైన్ బ్రాంచ్ వైపునుంచి ఒక అమ్మాయి సోడా తెచ్చిచ్చి, "ఏడవకు, మా అన్నయ్య నిన్ను చూసి నవ్వుతున్నాడు," అంది. ఆ అమ్మాయి వనీటా. ఆ అన్నయ్య థర్మన్. "వాళ్ళు మా కప్పు ఎత్తుకుపోయారు, నేను వాళ్ళ పిల్లని ఎత్తుకొచ్చాను," అని హోయ్ట్ పెళ్ళినాటినుంచీ చెప్పుకుంటాడు. అయినా ఆ పాయింటు కడుపులోంచి పోలేదు. బావమరది థర్మన్ ప్రతి శనివారం పొద్దున్న ఫోన్ చేసి దాన్ని పోనివ్వలేదు.

అలాంటి మనిషికి ఆ ఏడు సెప్టెంబరులో వనీటా గుండె కవాటం సరిగా లేదని డాక్టరు చెప్పాడు. జనవరిలో కోస్తారట. ఆవిడ బెదిరే రకం కాదు. చర్చి భోజనాల దగ్గర, అందరి ముందూ, పళ్ళెంలో చిక్కుడుగింజలు వడ్డించుకుంటూ తేల్చింది.

"ఏమయ్యా, వాళ్ళు నన్ను కొయ్యకముందే నాకో సంగతి తేలాలి. మా అమ్మానాన్నల సమాధుల పక్కన మనిద్దరికీ చోటుంచాడు అన్నయ్య. ఒకటే రాయి, రెండు పేర్లు. పేర్లు ఇప్పుడే చెక్కించేద్దాం, పోయిన తేదీలు తర్వాత వాళ్ళే చెక్కుకుంటారు."

మా వైపు అందరూ చేసే పనే అది. బతికుండగానే రాయి మీద పేరు చూసుకుని, దుమ్ము దులిపి, ఇంటికొచ్చి అన్నం తింటాం. హోయ్ట్ మాత్రం చెంచా కింద పెట్టాడు.

"పైన్ బ్రాంచ్‌లోనా? తూర్పు మట్టిలోనా? వనీటా, పడమర మట్టయితే మురుగ్గుంట పక్కనైనా పడుకుంటా. తూర్పు మట్టిలో నా గోరు కూడా పడదు. ఇదే నా మాట, పాదిరిగారే సాక్షి."

"ఇక్కడ బతికినన్నాళ్ళూ దుమ్మే తుడిచాను. చచ్చాక కూడా నా మొహాన దుమ్మేనా? నాకు చెట్టు నీడ కావాలి."

"ఇక్కడొక చెట్టు నాటిస్తానే."

"నువ్వు నాటినవి ఏవి బతికాయి?" అంది వనీటా. తర్వాత నెమ్మదిగా, "సరే, నీ ఇష్టం. నేనొక్కదాన్నే వెళ్తాలే," అంది.

ఆ మాట హోయ్ట్‌కి ముల్లులా గుచ్చుకుంది. భయం వేసింది. ఆవిడ లేని ఇంట్లో బతకడం ఒక భయం, చచ్చాక కూడా ఆవిడ ఎక్కడో తను ఎక్కడో అన్నది ఇంకో భయం. అయినా అందరి ముందూ అన్న మాట. మగాడు, పైగా ప్రుయిట్ వంశం, మాట మింగితే గొంతుకడ్డం పడుతుంది. శనగబద్దంత మొండితనం కోసం మనిషి ఎంత పోగొట్టుకుంటాడో చూడండి. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది, ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోవడమే ఆయన్ని ఎక్కువ కాల్చింది.

డిసెంబరు వచ్చింది. హోటలు పటం ప్రకారం తూర్పూ పడమరా సమానంగా ఉన్నాయి. చిన్న బళ్ళ ఆఖరి పోటీ ఒక్కటే మిగిలింది. పడమరనుంచి కాటన్ ఫ్లాట్. తూర్పునుంచి ఎవరనుకున్నారు? పైన్ బ్రాంచే.

శనివారం పైన్ బ్రాంచ్ గెలిచింది. మళ్ళీ ఒక్క పాయింటే. కొందరి జాతకాలు అంతే.

ఆదివారం ప్రార్థన అవ్వగానే ఊరంతా మార్లా హోటల్లో. చావింట్లో ఉన్నట్టుంది. హోయ్ట్ వచ్చి, టోపీ తీసి, పటం ముందు నిలబడ్డాడు.

"ఒప్పుకోరా. అయిపోయింది," అన్నాడు డోయల్.

హోయ్ట్ జేబులో చెయ్యి పెట్టాడు.

"వద్దురా! దేవుడు చూస్తాడు!"

"పైన్ బ్రాంచ్ నేల ఎలాంటిదిరా? ఇసుక," అన్నాడు హోయ్ట్, సూది పీకుతూ. "నేను అక్కడ బోరు పంపు దింపినవాణ్ణి, నాకు తెలుసు. ఇసుక ఎక్కడుంటే పడమర అక్కడుంటుంది. అడవి వాళ్ళ ఊరు దాటాకే మొదలవుతుంది." దారం లాగాడు. పైన్ బ్రాంచ్‌ని చుట్టి, అవతల గుచ్చాడు. "నిన్న గెలిచింది పడమర. అంతే కాదు. మనం కుర్రాళ్ళప్పుడు గెలిచిందీ పడమరే. ఒరేయ్ డోయల్, ఆ రోజు మనం ఓడిపోలేదురా!"

నలభై ఏళ్ళ పైబడ్డ ఏడుపు ఒక గుండుసూదితో తీరిపోతుంటే కాదనడానికి ఎవడికి మనసొప్పుతుంది? "దిక్కుమాలిన లెక్క," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ, "కానీ బాగుంది." అందరూ చేతులెత్తారు. తీర్మానం నెగ్గింది.

అంతలో హోటలు ఫోన్ మోగింది. థర్మన్.

"ఏం బావా, ఎలా ఉంది మా దెబ్బ?"

"మీ దెబ్బ కాదు బావా, మన దెబ్బ. నువ్విప్పుడు పడమరవాడివి."

"సిగ్గులేదా బావా నీకు?"

"సిగ్గుంటే ఇన్నేళ్ళు నీతో మాట్లాడతానా?"

హోటలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే వనీటా లోపలికొచ్చింది. గుమ్మం మెట్లెక్కినందుకే ఆయాసం, చెయ్యి గుండె మీద. తిన్నగా పటం దగ్గరికెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, దారం వెంట వేలు పోనిచ్చింది.

"ఏమయ్యా, పైన్ బ్రాంచ్ పడమరేనా?"

"పడమరే!" అన్నాడు హోయ్ట్, ఛాతీ విరుచుకుని.

"మట్టి కూడా?"

"మట్టిని బట్టే కదే!"

"అందరూ విన్నారుగా?" అని వనీటా ఫోన్ అందుకుంది. "అన్నయ్యా, రాయి చెక్కించు. ఆఁ, రెండు పేర్లూ."

ముందుగా డోయల్‌కే వెలిగింది. బల్ల మీద గుద్ది గుద్ది నవ్వాడు. "తీసిన గోతిలో తానే పడడమంటే ఇదేరా! వెనక్కి లాగు హోయ్ట్, ఇంకా సమయముంది! సూది పీకు!"

హోయ్ట్ చెయ్యి సూది మీదకి వెళ్ళింది. పీకితే మాట నిలుస్తుంది, తూర్పు మట్టి తప్పుతుంది. కానీ కప్పు తూర్పుకి పోతుంది, ఆ పాత ఓటమి మళ్ళీ ఓటమే అవుతుంది. అదంతా ఆయన బుర్రలో తిరిగిందని తర్వాత డోయల్ ఊరంతా చెప్పాడు. తిరిగిందో లేదో గాని, ఆయన చూసింది మాత్రం పటాన్ని కాదు. ఇంకా ఆయాసపడుతున్న వనీటాని. ఆవిడ ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని, ఏం చేస్తాడా అని చూస్తోంది. ఇన్నేళ్ళలో ఆవిడ కళ్ళల్లో బెదురు చూడడం హోయ్ట్‌కి అదే మొదటిసారి.

బొటనవేలితో సూదిని గోడలోకి దిగేదాకా నొక్కాడు.

"పడమరని చెప్పానుగా," అన్నాడు హోయ్ట్. "నా పేరు తప్పుల్లేకుండా చెక్కమను మీ అన్నయ్యని."

వనీటా ఫోన్ పెట్టేసింది. ఆయన్ని బల్ల దగ్గరికి తీసుకెళ్ళి పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"దిగులుపడకు. అక్కడ తలలు పడమరకే పెడతారు, కాళ్ళు తూర్పుకి," అంది. "ప్రళయం దాకా తూర్పుని తన్నుకుంటూ పడుకో, నా పక్కన."