ముల్లంగివాడి ప్రాణం

స్కూలు బస్సు నడిపే రోడా కంగాస్, డ్వైట్ హాల్వర్సన్ తన బల్లకు వచ్చిన మొదటి రోజే ఆయన మనిషిని చంపేసిందట. ఆయన పార్కింగులో స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడట. అమెరికాలోని డులూత్‌లో కర్ట్ ఆటల దుకాణానికి వచ్చేవాళ్లంతా ఈ మాట నవ్వుకుంటూ చెబుతారు.

మనిషంటే కాగితం మీది మనిషి. బల్ల చుట్టూ చేరి కథ చెప్పుకుంటూ ఆడే ఆటలో తలా ఒక పాత్రను కాగితం మీద రాసుకుని మోస్తారు. బతుకో చావో పాచికలు తేలుస్తాయి.

రోడా మొదటిసారి ఆ దుకాణం కింది గదికి వచ్చినప్పుడు ఆట నడిపేది డ్వైట్. బయట టైర్లు అమ్ముకునేవాడు, లోపల రాజ్యాలు పంచేవాడు. ఆయన బల్ల దగ్గర అందరూ పుట్టుకతోనే వీరులు. రోడా మాత్రం తన కాగితం మీద 'రొట్టెలు కాల్చే ఇల్మా' అని రాసుకుంది.

"రొట్టెలా?" అన్నాడు డ్వైట్. "వారమంతా మామూలు బతుకు బతికేది చాలదా తల్లీ? ఇక్కడికొచ్చి కూడా పిండి పిసకాలా?"

"ఏమీ కాని మనిషి ఏదో ఒకటి అవుతుంటే చూడాలనుందండీ."

"చూద్దాం, చూద్దాం."

కాసేపటికే డ్వైట్ చెప్పే కథలో ఒక రాక్షసుడు దారిన పోతూ ఇల్మాను తొక్కేశాడు.

"నేనింకా పాచిక వెయ్యలేదండీ," అంది రోడా.

డ్వైట్ చెయ్యి చాపి ఆమె కాగితం లాక్కుని పరపరా చించేశాడు. "రొట్టెలదానికి పాచికెందుకు?"

అక్కడ ఒక మర్యాద ఉంది. చచ్చినవాడి కాగితాన్ని వాడిని మోసినవాళ్లే చించుకోవాలి, అప్పుడే కొత్తది రాసుకోవాలి. ఇంకొకరు ముట్టరు. మిగతావాళ్లు నవ్వారు. రోడా ముక్కలు ఏరుకుని కోటు జేబులో పెట్టుకుంది. మరుసటి గురువారం గుర్రం మీది వీరుణ్ణి రాసుకొచ్చి, కిక్కురుమనకుండా కూర్చుంది. ఏళ్ల తరబడి అలాగే కూర్చుని, ఆట నడపడం చూసి నేర్చుకుంది.

డ్వైట్ నడుము పట్టేసి మంచాన పడ్డ చలికాలం, దుకాణం యజమాని కర్ట్ ఆమెను ఆట నడపమన్నాడు. ఆమె బల్ల దగ్గర అందరూ మామూలు మనుషులే. ఎవరి పని ఏమిటో పాచిక చెబుతుంది. పక్కవాడి కోసం ప్రమాదానికి ఎదురెళ్లినవాడు ఆ రోజే వీరుడవుతాడు. జనం ఆ ఆటకే మరిగారు. డ్వైట్ లేచి వచ్చేసరికి ఊళ్లో ఇంకో బల్ల లేదు.

పాచిక ఆయన్ని ముల్లంగి అమ్మేవాణ్ణి చేసింది. ఆయన వాణ్ణి అందరి వెనకా దాచి కథలోని గనిలోకి దింపాడు. పైకి వచ్చేసరికి అందరూ వీరులయ్యారు. ఆయనొక్కడే బుట్టతో మిగిలాడు.

"వీణ్ణి చంపెయ్ రోడా," అన్నాడు విసుగ్గా. "చించేసి కొత్తవాణ్ణి రాసుకుంటా. నేరుగా ఎలుగుబంటి నోట్లోకి పోతున్నా."

"ఎలుగు నీ ముల్లంగులు తిని వెళ్లిపోయింది."

బల్ల ఘొల్లుమంది.

"కొండ మీంచి దూకుతున్నా!"

"కింద మంచు మెత్తగా ఉంది."

"నేనింకా పాచిక వెయ్యలేదు!"

"ముల్లంగివాడికి పాచికెందుకు డ్వైట్?"

ఆ మాట ఎన్నేళ్లుగా నోట్లో నానిందో ఆమెకే తెలుసు. అన్నాక ఒళ్లంతా వెచ్చబడింది.

చిప్స్ కోసం లేచినప్పుడు కర్ట్ ఆమె చెవిలో, "పాపం, చాల్లే. వాణ్ణి కూడా వీరుణ్ణి చేసెయ్యరాదూ?" అన్నాడు.

"ఎవరికోసమైనా ఒక్క అడుగు ముందుకెయ్యమను. ఈ క్షణమే చేస్తా," అని ఆమె అందరికీ వినబడేలా అంది. తల వంచి అడగడం ఆయనకు చేతకాదని, ఇంకొకరి కోసం వంచడం అసలే చేతకాదని ఆమెకు తెలుసు. వంచకూడదనే కోరుకుంది.

డ్వైట్ మొహం ఎర్రబడింది. "మీ దయ నాకక్కర్లేదు," అని కోటు తీసుకుని మెట్లెక్కాడు.

పార్కింగులో ఆయన ఏడ్చిన మాట నిజమే. కానీ ముల్లంగివాడు చావలేదు. చస్తే డ్వైట్‌కు కొత్త కాగితం దొరుకుతుంది కాబట్టి రోడా వాణ్ణి చావనివ్వలేదు. ఇంకో బల్ల లేక డ్వైట్ మళ్లీ వస్తూనే ఉన్నాడు; మొన్న గురువారం కూడా వాడు వీరుల గుర్రాల వెనక బుట్ట మోస్తూ నడిచాడు.