నేను రాసిచ్చిన నాలుగు పేజీలు

తెలుగు అక్షరాలు నాకు నలభై దాటాక వయోజన విద్య తరగతుల్లో వచ్చాయి. ఇంగ్లీషువి కీబోర్డు చూసి నేర్చుకున్నాను. అందుకే నాకు అవి ఏ, బీ, సీలతో కాకుండా క్యూ, డబ్ల్యూలతో మొదలవుతాయి.

అప్పటికి కడియం నర్సరీల్లో మొక్కలకి అంట్లు కట్టే పని మానేసి, రాజమండ్రిలో ఒక కంప్యూటర్ ఆటల సెంటర్లో ఊడ్చే పనికి కుదిరాను. ఓనరు గారు భీమవరం వైపు వారు. రొయ్యల చెరువులు అన్నగారికి వదిలేసి, ఆరు కంప్యూటర్లతో ఆ సెంటరు పెట్టారు. కాలేజీ కుర్రాళ్ళందరూ ఒకే కార్ల ఆట కోసం వచ్చేవారు. అందులో అన్నీ పైదేశం కార్లే. వాటి బదులు మన ఆటోలు, ఎర్ర బస్సులు తిరిగేలా ఎవరో తయారుచేసిన ఫైళ్ళు సీడీల్లో దొరికేవి. వాటిని మోడ్‌లంటారు. ఓనరు గారు అవి తెచ్చి ఎక్కిస్తే ఆట మధ్యలో క్రాష్ అయిపోయేది.

అంట్లు కట్టేటప్పుడు తల్లి మొక్కని పాడు చేసుకోం. ఇక్కడ ఆ తల్లి మొక్కనే పాడు చేస్తున్నారనిపించింది. ఓనరు గారిని అడిగి, ఏమీ కలపని అసలు ఆట ఫోల్డరు మొత్తం రెండు సీడీల్లోకి కాపీ తీయించి దాచాను. తరవాత ఒక్క మోడ్ వేసి, పావుగంట ఆట నడిపి చూసి, అప్పుడు రెండోది వేసేదాన్ని. ఏ ఫైలు తీసి ఏది పెట్టానో పుస్తకంలో అక్షరం అక్షరం దించుకునేదాన్ని. రెండు మోడ్‌లు ఒకే ఫైలుని మారుస్తుంటే ఒకటి మానేసేదాన్ని. గడగడా చదవగలిగినవాళ్ళు పేరు సగం చూసి వదిలేస్తారు. నేను కూడబలుక్కుంటాను కాబట్టి ఒక్క అక్షరం తేడా ఉన్నా తెలిసిపోయేది.

నెల తిరిగేసరికి ఆట ఆగడం మానింది. ఊడ్చడానికి ఇంకొకామెని పెట్టి, నాకు కౌంటర్ పక్కన కుర్చీ వేశారు.

"పిన్నిగారూ, బస్సు వేశారు సరే, కండక్టరేడండీ?" అనేవారు కుర్రాళ్ళు.

"ముందు నువ్వు ఫుట్‌బోర్డు మీంచి లోపలికి జరుగు" అనేదాన్ని.

అంతవరకు నేను పనిచేసిన చోట ఎవరూ నన్ను కూర్చోమనలేదు. ఆ కుర్చీ పోకుండా ఉంటే చాలనుకునేదాన్ని.

దసరా నాడు ఓనరు గారు పన్నెండు కొత్త మోడ్‌లు తెచ్చారు.

"తొమ్మిదిన్నర లోపే ముహూర్తం. అన్నీ ఎక్కించేయాలి."

"ఒక్కోటీ వేసి చూసుకోవాలండి. ముహూర్తానికి ఒకటి వేద్దాం, చాలదాండి?"

"మంచిరోజున ఒకటేసి, మిగతావి అమావాస్యకి వెయ్యమంటావా ఏంటి?"

కంప్యూటర్లకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆయనే కూర్చుని ఆరింటిలోనూ పన్నెండూ ఎక్కించేశారు. పదింటికి కుర్రాళ్ళొచ్చారు. ఆరు కంప్యూటర్లలోనూ ఆట క్రాష్ అయింది.

"చదువు లేని మనిషికి అప్పజెబితే ఇంతే" అన్నారాయన, అందరూ వింటుండగా. నేను దాచిన సీడీలు తీశాను. పాడైన ఫోల్డర్లు తీసేసి, అసలుది మళ్ళీ ఎక్కించి, మోడ్‌లు ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చాను. పన్నెండిట్లో మూడు పనికిరానివని తేలింది. సాయంత్రానికి ఆరూ ఆడాయి.

అప్పుడాయన మెత్తగా అన్నారు, "ఎలా చేశావో వరసగా రాసివ్వమ్మా. రేపు నీకు ఒంట్లో బాగోకపోతే ఎవరో ఒకరు చూసుకోవాలిగా."

సంతకం తప్ప ఎవరికీ ఏదీ రాసివ్వని నాకు ఎంత గర్వమనిపించిందో! రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాశాను.

వారం తిరక్కుండా ఆయన బావమరిది వచ్చాడు. కంప్యూటర్ కోర్సు చేశాడట. నా కుర్చీలో కూర్చుని నా పేజీలు చదివాడు. రెండు చోట్ల ఒత్తు తప్పిందని ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. ఊడ్చడానికి పెట్టినామెని మాన్పించేశారు. "కాస్త ఈ కుర్చీ కింద తడిగుడ్డ పెట్టమ్మా" అన్నాడు నాతో. ఇదంతా తన బావమరిది కనిపెట్టిన పద్ధతని ఓనరు గారు కుర్రాళ్ళతో చెప్పుకున్నారు.

నేనున్నన్నాళ్ళూ ఆ ఆట మళ్ళీ క్రాష్ కాలేదు. నా రాత అంత సరిగ్గా ఉంది. అసలు ఫోల్డరు ముందే దాచుకోవాలన్న ఒక్క మాట రాయకుండా ఉంటే వాళ్ళకి మళ్ళీ నా అవసరం పడేది. ఆ మాట మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాను.