చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన జ్ఞాని

ఆ రోజుల్లో నేను ఓడిపోయే బేరమంటూ ఉండదని నా నమ్మకం. మోతీనగర్‌లో మా నాన్న కిరాణా దుకాణం గల్లా పక్కన పెరిగినవాణ్ణి. కొత్తిమీర కట్టకైనా, కల్యాణ మండపానికైనా ముందు "అబ్బో, ఎక్కువ" అనడం మా ఇంటి మర్యాద. అలాంటివాడికి ఫిల్మ్‌నగర్‌లో, సినిమా సెట్లకు సామాను కిరాయికి తెచ్చే ఉద్యోగం దొరికింది. బేరమాడినందుకు జీతం! (పుణ్యం చేసుకున్నవాళ్లకే ఇలాంటివి.)

మా ఆవిడది గుంటూరు వైపు, క్రైస్తవ కుటుంబం. వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. డిసెంబరు రాగానే హాల్లో ఓ మూల మట్టిబొమ్మలతో, యేసు పుట్టిన పశువుల పాక పెడతారు. ఆయన్ని చూడ్డానికి కానుకలతో ఒంటెలెక్కి వచ్చిన ముగ్గురు తూర్పుదేశపు జ్ఞానులనూ మాత్రం దూరంగా వంటింటి కిటికీలో నిలబెడతారు. పిల్లలు వాళ్లను రోజుకో జానెడు ముందుకు జరపాలి. పండుగ ముందు సాయంత్రం ముగ్గురూ పాక చేరాక, బాలయేసును తొట్టిలో పడుకోబెట్టాలి. మా పాపకు ఐదేళ్లు నిండిన ఏడాది ఆ పదవి దానికి దక్కింది. (ప్రమాణ స్వీకారమొక్కటే తక్కువ.)

బొమ్మల కోసం మాకు సామాను కిరాయికిచ్చే భాయ్ దగ్గరికి వెళ్లాను. ఏదో షూటింగుకు వాడినవి ఉన్నాయన్నాడు, అమ్మేస్తానన్నాడు. గీసి గీసి బేరమాడాను. లేచి వెళ్లిపోయి, గుమ్మం దగ్గర ఆగి, మళ్లీ వచ్చాను. "తీస్కపో అన్నా, నీతోని నేను గెలవ" అంటూ పేపర్లో చుట్టి ఇచ్చాడు. విజయగర్వంతో ఇంటికొచ్చి విప్పితే జ్ఞానులు ఇద్దరే! ఫోన్ చేశాను.

"గా ధరకు ఇద్దరే వస్తరన్నా. మూడో ఆయన షూటింగుల బిజీ."

"ఏంటండీ, జ్ఞానుల దగ్గర కూడానా మీ బేరాలు?" అంది మా ఆవిడ. పాప నావైపే చూస్తోంది. "ఇంకో తాత ఏడి నాన్నా?"

నోటికొచ్చింది చెప్పేశాను. "జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడు బిడ్డా."

మా పాప పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి వెంటనే నమ్మేసింది. ఇక రోజూ పొద్దున "చెక్‌పోస్టు దాటిండా?" అంటూనే లేచేది. పండుగ ముందు సాయంత్రం మాత్రం బాలయేసును గుప్పిట్లో బిగించి కూర్చుంది. "ఆయన వచ్చినంకనే పండవెడ్త." కేకు వద్దంది, కొత్త గౌను వద్దంది. వాళ్ల తమ్ముడు పాకలోని గొర్రెపిల్ల బొమ్మ చెవి కొరుకుతున్నా పట్టించుకోలేదు. కళ్లల్లో నీళ్లు మాత్రం తిరుగుతున్నాయి.

బండి తీసుకుని మోతీనగర్ పరుగెత్తాను. మా గల్లా మీద ఎప్పటినుంచో ఒక చెట్టిగారి బొమ్మ ఉంది: బొజ్జ, తలపాగా, చేతిలో తక్కెడ. దాన్ని ఇమ్మని నాన్నను అడిగి, సంగతి చెప్పాను. నాన్న నవ్వలేదు.

"గా మూడో ఆయన ఏం తేవాలె?"

"బోళం."

"బాలింతకిచ్చే బోళమా? మన దుకాణం సామానే కదరా! మరి మిగిలినోళ్లు?"

"ఒకాయన సాంబ్రాణి, ఒకాయన బంగారం."

"పిల్లగానికి సాంబ్రాణి పొగ, తల్లికి బోళం. గా ఇద్దరే అసలు జ్ఞానులు. బంగారమాయనకు ఇంట్ల ఆడోళ్లు చెప్పలేదేమో."

బోళం చిన్న పొట్లం కట్టి బొమ్మ తక్కెడలో పెట్టాడు. బొమ్మను నా చేతికివ్వకుండా, నిండు గిరాకీలో షట్టరు దించి తానే బండెక్కాడు.

పాప బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒంటె ఏది?"

"ట్రాఫిక్‌ల కదలకపోతే ఆడనే ఇడిసిపెట్టిండమ్మా. బోరబండ మీదికెల్లి నడిచొచ్చిండు" అన్నాడు నాన్న.

పాప పొట్లం వాసన చూసి ముక్కు చిట్లించింది. తర్వాత గుప్పిట విప్పి, బాలయేసును పడుకోబెట్టింది. నేను సోఫాలో కూలబడ్డాను.

పండుగ వెళ్లాక భాయ్ జాలిపడి అసలు మూడో జ్ఞానిని ఊరికే పంపాడు. పాప ఆయన్ని పాకలోకి రానివ్వలేదు. "ముగ్గురు వచ్చిండ్రు కదా, ఈయనెవరు?" పాపం, ఆ అసలు జ్ఞాని ఇప్పటికీ ప్రతి డిసెంబరులో కిటికీలోనే నిలబడతాడు. చెట్టిగారు మాత్రం పాకలో, ముందు వరుసలో.

పాప ఇప్పుడు వాళ్లమ్మ కంటే పొడవు. బొమ్మలు జరపమంటే ఫోన్లోంచి తలెత్తదు. ఆ జానెడు నేనే జరుపుతున్నాను. డిసెంబరు సాయంత్రాల్లో చెక్‌పోస్టు దగ్గర బండి ఆగినప్పుడు, హారన్ కొట్టబోయి, ఎందుకైనా మంచిదని పక్కలకు చూస్తాను. ఒంటె మీద ఎవరైనా కనబడితే మా ఇంటికి దారి చెప్పాలి. వెంట తీసుకెళ్లమంటే కిరాయి కూడా అడగను.