బొట్టు పెట్టిన ఇనుము

ముందే చెప్పేస్తున్నాను: నేను గోరంతను కొండంత చేసే మనిషిని. సగం తీసేసి చదువుకోండి.

రెండువేల పదుల్లో విజయనగరం శివార్లలో మా అక్క మొగుడికి ఒక షెడ్డు ఉండేది. జూట్‌మిల్లు మూతపడ్డాక బావకు అదే బతుకు. రిలే స్విచ్చుల్లో ఉండే చిన్న ఇనుప కడ్డీలు చేద్దామని ఇద్దరం దిగాం. కరెంటు పారితే కడ్డీ అయస్కాంతం కావాలి, ఆపగానే మామూలు ఇనుము అయిపోవాలి. నికెల్ కలిపితే సులువే గాని, దాని ధర వింటేనే మాకు జ్వరం వచ్చేది. అందుకని ఇనుప పొడిలో చిటికెడు భాస్వరం కలిపాం. దాన్ని మైనంతో, ప్లాస్టిక్కుతో ముద్ద చేసి, జంతికల పిండిలా అచ్చులోకి నొక్కి, మైనం తీసేసి కొలిమిలో కాల్చేవాళ్ళం. ఆ వేడికి పక్క ఊరి కోళ్ళు ఉడికిన గుడ్లే పెట్టేవి.

ఏ వాయి తీసినా, కరెంటు ఆపాక కూడా కడ్డీలు గుండుసూదిని వదల్లేదు. పెళ్ళయినా కదలని చుట్టాల్లా పట్టుకు వేలాడాయి. కడ్డీలు కొనే కంపెనీ ఇన్‌స్పెక్టరు సోమవారం వస్తాడు. సూది రాలకపోతే షెడ్డుకు తాళమే. రోజూ కొలిమి నింపే బావ మొక్కుకోడానికి శ్రీముఖలింగం గుడికి వెళ్ళాడు. ఆ రోజు అచ్చు మెషీను నడిపే ఆవిడే కొలిమి నింపింది. ఆ వాయి కడ్డీలు సూదిని టక్కున వదిలేశాయి!

“సూసినావా బామ్మర్దీ, మొక్కు పలికినాది!” అన్నాడు బావ తిరిగొచ్చి.

నేను ఆవిడనడిగాను. “కొత్తగా ఏటి సేసినావమ్మా?”

“ఏటీ సెయ్యనేదు బాబూ. అన్నయ్య పెట్టే బొట్లు నాను పెట్టనేదు. మాది బాప్టిస్టు సర్చి కదా, పార్దన సేసుకుని తోసీసినాను.”

అప్పుడు వెలిగింది. మసి పట్టకూడదనే మేం మైనం చుక్క మిగలకుండా తీసేస్తున్నాం. బావేమో ప్రతి కడ్డీకీ నువ్వుల నూనెలో తడిపిన కుంకుమ పెడుతున్నాడు.

“బావా, నీ నూని మాడి మసైపోతన్నాది. ఆ మసి ఇనుములోకి దిగితే సూదినొదల్దు.”

“బొట్టెట్టకుండా నిప్పుల్లోకి తొయ్యమంతావేట్రా? పురిటి పిల్లల్లాటియి అయి!”

“కొలిమి తలుపుకెట్టు. బయట. నీకెంత కావాలంటే అంత.”

పెట్టాడు. పొందూరు దాకా కనపడేంత బొట్టు.

సోమవారం ఇన్‌స్పెక్టరు కొత్త వాయి కడ్డీలకు తీగ చుట్టి, స్విచ్చి వేసి, ఆపాడు. సూదులు రాలాయి. ఆయన లేచి బావను కౌగిలించుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ కౌగిలింత నేను కల్పించినదే. మిగతావి పెంచానే గాని పుట్టించలేదు. అసలు ఆయన “ఈ రకమే పంపండి” అని, టీ సగంలో వదిలేసి బస్సుకు వెళ్ళిపోయాడు. కళ్ళు తుడుచుకున్నది బావ, అదీ మొహం కొలిమివైపు తిప్పుకుని.