గుడిసెలో పుట్టిన అధ్యక్షుడి పాఠం

మొన్న జడ్చర్లలో పళ్ల డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నప్పుడు, ఎదుటి టీవీలో అమెరికా అధ్యక్షులు ఉండే శ్వేతసౌధాన్ని చూపించారు. పక్కవాళ్లు ఆ స్తంభాలనూ పచ్చికనూ మెచ్చుకుంటుంటే నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. పన్ను చూపించుకోకుండానే లేచి వచ్చేశాను.

మీలో నాలాగా పంతుళ్లుగా బతికినవాళ్లకు తెలిసే ఉంటుంది, ప్రతివాడికీ ఒక ఇష్టమైన పాఠం ఉంటుంది. నాది అమెరికా అధ్యక్షుల ఇళ్ల పాఠం. తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో ఆత్మకూరు అవతల ఒక ఊరి బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ని. మొదటి అధ్యక్షుడికి నది ఒడ్డున పెద్ద భవనం ఉండేదనీ, మూడో ఆయన తానే నమూనా గీసుకొని గుట్టమీద మేడ కట్టించుకున్నాడనీ, ఆ తరవాతి కాలంలో దుంగల గుడిసెలో పుట్టినవాడూ, వేరుశనగ పండించినవాడూ, సినిమాల్లో వేషాలు వేసినవాడూ కూడా శ్వేతసౌధానికి చేరారనీ, పుస్తకంలో లేనివి కలిపి మరీ చెప్పేవాణ్ని. మా జిల్లాలో ఇంటింటా పండేది వేరుశనగే కాబట్టి ఆ మాటకు పిల్లలు నవ్వేవాళ్లు.

గొర్రెలు కాసే ఇంటినుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి మాత్రం నవ్వకుండా, ఆ మేడలు కట్టినవాళ్లు ఎక్కడ పండుకునేవాళ్లని అడిగింది. బానిసల కొట్టాల సంగతి చెప్పాను. ఆ సాయంత్రం పాఠమంతా తల్లికి అప్పజెప్పిందట.

ఆ తల్లికి సంతకం వరకే చదువు. అయినా బోరు చెడిపోతే వాడలోని ఆడవాళ్లను వెంటబెట్టుకొని మండలాఫీసుకు నడిచిన మనిషి. సర్పంచి స్థానం ఆడవాళ్లకు వచ్చిన ఏడు ఆమె నామినేషను వేసింది. ఊరి పెద్దాయన మాత్రం తన కోడలిని ఏకగ్రీవం చెయ్యాలనుకున్నాడు. ఒకనాడు నన్ను పిలిపించి, ఆమె నా మాటైతే వింటుందనీ, వినకపోతే ఆ ఇంటి గొర్రెలు ఊరి చేలల్లో కాలు పెట్టవనీ నెమ్మదిగా చెప్పాడు. నేను కాదనలేదు. రిటైరు కావడానికి రెండేళ్లే ఉంది, ఎక్కడికో బదిలీ చేయిస్తాడేమోనన్న భయం. పైగా ఆ ఇంటి మంచికే కదా అన్న సాకు.

వెళ్లేసరికి ఆమె వాకిట్లో గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. పెద్దాయన మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను.

"గా గుడిసెల పుట్టినాయిన ముచ్చట మా బిడ్డకు చెప్పింది మీరే గద సారూ," అన్నది.

"అది వేరే దేశం తల్లీ," అన్నాను.

"గట్లయితే మాకెందుకు చెప్పిండ్రు?"

గుంజకు ఆనుకొని ఆ పిల్ల అంతా వింటూనే ఉంది. మర్నాడు తల్లి నామినేషను వెనక్కి తీసుకుంది. పెద్దాయన కోడలికి దండలు వేసిన సభలో స్వాగతోపన్యాసం చదివింది కూడా నేనే.

ఆ తరవాత ఆ పిల్ల నా తరగతిలో ఒక్క ప్రశ్న అడగలేదు. గొర్రెలను ఇంకో ఏడాది మేపుకోనిచ్చారు, తరవాత చేలన్నిటికీ కంచెలు పడ్డాయి, మంద అమ్ముకున్నారు. పిల్ల పది కాగానే పత్తి మిల్లు పనికి పోయింది. కొన్నేళ్లకు ఆత్మకూరు బస్టాండులో కనిపించి, చేతి సంచి కింద పెట్టి మరీ దండం పెట్టి, "బాగున్నరా సార్," అన్నది. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేదేమో.

ఇప్పుడు ఆ ఊళ్లో అన్నీ స్లాబు ఇళ్లేనట. ఎన్నికలప్పుడు ఎవరినైనా ఆపాలంటే పంతులు నడిచి వెళ్లనక్కరలేదట, ఫోనులో ఒక్కమాట చాలునట. మన కాలంలో కనీసం వచ్చినవాడి ముఖం చూసి, ఎందుకని అడగడానికైనా వీలుండేది.