పద్నాలుగో నంబరు పళ్ళెం

మనుషుల్ని ముఖం చూసి అంచనా వేసేవాళ్ళున్నారు, చెప్పులు చూసి అంచనా వేసేవాళ్ళున్నారు. ఆ వృద్ధుల హోములో గిన్నెలు తోమే ఆవిడ మాత్రం తినగా మిగిలిన మెతుకుల్ని చూసి అంచనా వేసేది. అందరూ ఆవిడను పళ్ళాల పిన్ని అనేవారు. వయసు యాభై రెండు. ఏడో తరగతిలో ఆవిడ బడిని వదిలిందో, బడే ఆవిడను వదిలిందో ఇప్పటికీ తేలలేదు. పెంకుల ఫ్యాక్టరీ క్యాంటీన్లో పదకొండేళ్ళు, ఈ హోములో తొమ్మిదేళ్ళు, వెరసి ఇరవై ఏళ్ళ విద్యావ్యాసంగం సింకు ముందు నిలబడే సాగింది.

హోములో నలభై ఆరుగురు పెద్దవాళ్ళు. అందరివీ తెల్ల పింగాణీ గదుల పళ్ళాలే: తినేవాళ్ళ వైపు అన్నానికి పెద్ద గది, దాని పైన ఎడమ పక్క కూరకొకటి, కుడి పక్క పండుముక్కలకొకటి. అంచు మీద నంబరు వేసి ఉంటుంది. మధ్యాహ్నం అవి తిరిగొచ్చాక పిన్ని ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూసి, ఆపైనే నీళ్ళకింద పెట్టేది. సాయంత్రం ఇంటికెళ్ళాక భర్తకు వార్తలు చదివేది. ఆయన దర్జీ. మిషను మీద నుంచి తల ఎత్తకుండానే అడిగేవాడు.

"ఇవాళేంటి విశేషాలు?"

"ఆరో నంబరు మామ్మగారికి కట్టుడుపళ్ళు వదులయ్యాయి. గట్టి ముక్కలన్నీ అంచున పేర్చింది. తొమ్మిదో నంబరాయనకి ఎవరో బిస్కెట్లు తెచ్చిచ్చారు, అన్నం ముట్టలేదు."

"నా పళ్ళెంకేసి మాత్రం చూడకే తల్లీ. భయమేస్తుంది."

"చూశాలే. సందు చివర బజ్జీల బండి దగ్గర ఆగొచ్చావ్."

ఇలా లోకం సజావుగా నడుస్తుండగా హోముకి కొత్త సూపర్నెంటు గారు వచ్చారు. చెడ్డవాడు కాదు. పొదుపు ఆయనకు వ్యసనం, అంతే. వరండాలో మనిషి కదిలితేనే వెలిగే దీపాలు పెట్టించారు. అక్కడివాళ్ళ నడకను అవి కదలికగా ఒప్పుకోక, సగం దారిలో ఆరిపోయేవి. చేతికర్రలు గాల్లో ఊపితే మళ్ళీ వెలిగేవి. ఆ వరండాలో తాతగార్లు రోజంతా కర్రసాము చేస్తున్నట్టుండేది. లిఫ్టు సామాను బండ్లకీ, మంచం మీదున్నవాళ్ళకీ మాత్రమే అన్నారు. ఆ తర్వాత ఆయన చూపు ఎంగిలి బకెట్ మీద పడింది.

రోజూ పదకొండు కిలోల అన్నం, కూర ఆ బకెట్లోకి పోతున్నాయి. ఆయన బాధ అబద్ధం కాదు. అంత తిండి పారబోయడం ఎవరు చూసినా పాపమే. బకెట్‌ను రోజూ కాటా వేయించి, బరువును గోడమీద చార్టులో ఎర్రగీతగా గీయించారు. దాంతోపాటే ఇంకో ఆజ్ఞ: ఆయాలు పళ్ళాలను భోజనాల హాల్లోనే బకెట్లోకి గీకేసి, శుభ్రంగా వంటింటికి పంపాలి. దానివల్ల తోమే నీళ్ళు రోజుకు రెండు డ్రమ్ములు కలిసొచ్చాయి. ఆ మాట న్యాయంగా ఒప్పుకోవాలి. కాకపోతే పిన్ని పరిస్థితి మాత్రం, పొద్దున్నే పేపరొచ్చి అందులో అచ్చు లేనట్టు అయింది.

బకెట్ పదకొండు నుంచి తొమ్మిదికి దిగి, అక్కడ భీష్మించుకు కూర్చుంది.

ఒక సోమవారం ఆయా ఒకామె ఖాళీ పళ్ళాల దొంతర దించుతూ అంది. "విన్నావా పిన్నీ, శుక్రవారం సర్వేయరు తాతగారిని పైకి పంపేస్తారట."

"పైకా! ఏమైందే ఆయనకి?"

"నీ నోట్లో చక్కెర పొయ్య, ఆ పైకి కాదు. పై అంతస్తుకి. తిండి మానేశారు. నెలలో నాలుగు కిలోలు తగ్గారు. అక్కడైతే నోట్లో పెట్టి తినిపిస్తారు కదా."

సర్వేయరు గారిది పద్నాలుగో నంబరు. జీవితమంతా ఊళ్ళ హద్దులు కొలిచిన మనిషి. కింది హాల్లో భార్యాభర్తలిద్దరివీ పక్కపక్క మంచాలు. ఆయన పై అంతస్తుకి వెళ్తే, మోకాళ్ళ నొప్పులతో ఆ అమ్మమ్మగారు మెట్లెక్కలేదు. లిఫ్టులో ఎక్కాలంటే ఆవిడ సామానూ కాదు, మంచం మీదున్న మనిషీ కాదు. యాభై మూడేళ్ళ కాపురం ఇరవై రెండు మెట్ల దగ్గర ఆగిపోతుంది.

పిన్నికి జాలి కన్నా ముందు అనుమానం పుట్టింది. ఆకలి లేని మనిషి పళ్ళెం ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. అక్కడో మెతుకు, ఇక్కడో మెతుకు కెలికి వదిలేస్తారు.

"రేపు పద్నాలుగు గీకకుండా తెచ్చిపెట్టవే."

"సూపర్నెంటు చూస్తే?"

"చూస్తే నా పేరు చెప్పు."

మంగళవారం పళ్ళెం మూత కింద దాక్కుని వచ్చింది. మూత తీసి పిన్ని చాలాసేపు చూసింది. అన్నం నిలువునా సరిగ్గా సగం. కుడి సగం నున్నగా ఖాళీ, ఎడమ సగం వడ్డించింది వడ్డించినట్టే. మధ్య గీత తాడు పట్టి గీసినట్టుంది. పండుముక్కలు అయిపోయాయి, కూర ముట్టలేదు.

వంటాయన భుజంమీంచి తొంగి చూశాడు. "సర్వే చేశాడు పిన్నీ. రాళ్ళు పాతడమొక్కటే తక్కువ. అయినా ముసలాయనకి కూరలు పడవు. పండ్లంటే ప్రాణం."

"అలాగైతే రేపు కూర కుడి గదిలో పెట్టు, పండు ఎడమ గదిలో పెట్టు."

"ఇన్నేళ్ళుగా కూర ఎడమ పక్కే పెడుతున్నా. చెయ్యి తిరగదు."

"ఒక్క పళ్ళేనికి తిరిగితే విరిగిపోదులే."

బుధవారం కూర మొత్తం ఖాళీ. ప్రాణమైన పండుముక్కలు ఎడమ గదిలో భద్రంగా ఉన్నాయి. అన్నం మళ్ళీ నిలువునా సగం. ఆ పళ్ళెం పట్టుకుని పిన్ని నోరు తెరిచి నిలబడి ఉండగానే సూపర్నెంటు గారు లోపలికొచ్చారు.

"ఏమమ్మా, ఆ పళ్ళెం గీకలేదేం?"

"చదువుతున్నాను సార్."

"ఏం చదువుతున్నావ్?"

"ఈయనకి ఆకలుంది సార్. రుచీ తెలుస్తోంది. ఎడమవైపున్నదే ముట్టట్లేదు. ఎందుకో తెలీట్లేదు."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "చూడమ్మా, వచ్చేవారం నుంచి అందరికీ ఓ గరిటె తగ్గిస్తున్నాం. బకెట్ దానంతటదే దిగొస్తుంది."

"గరిటె తగ్గిస్తే ఈయన అందులోనూ సగమే తింటారు సార్. బకెట్ తొమ్మిది కిలోలని చెబుతుంది గానీ, ఎవరు తినలేదో చెప్పదుగా."

సూపర్నెంటు గారు జవాబు కోసం చార్టు వంక చూశారు. అక్కడ ఎర్రగీత తప్ప ఏమీ లేదు. "శుక్రవారం డాక్టరమ్మ వస్తుంది. అంతవరకు నీ చదువు కానివ్వు" అని వెళ్ళిపోయారు. ఆయన నోటివెంట వచ్చినంతలో అది మహా వరమే.

గురువారం పిన్ని, తొమ్మిదేళ్ళలో మొదటిసారి, భోజనాల వేళ చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళింది. సర్వేయరు గారు కుడి సగం ముగించి, చెంచా కింద పెట్టి, భోజనం అయినట్టు మూతి తుడుచుకున్నారు. పిన్ని పళ్ళేన్ని సగం చుట్టు తిప్పింది. ఆయన ఉలిక్కిపడ్డారు.

"అదేంటమ్మా! ఇవాళ రెండోసారి వడ్డిస్తున్నారా?"

"అవును తాతగారూ. కానివ్వండి."

"ఈ మధ్య అర్ధాకలితోనే లేస్తున్నాను. అడిగితే తిండిపోతు అనుకుంటారని ఊరుకున్నా" అంటూ ఆ సగమూ ఊడ్చేశారు.

ఆయన ఎడమ పక్క కుర్చీలో అమ్మమ్మగారు ముక్కు చీదింది. "మీకైనా జవాబిస్తున్నారు. నాతో మాటలే లేవు. పొద్దున్నుంచీ పక్క మంచం మీద కూర్చుని మొత్తుకుంటున్నా, ఇటు తల తిప్పరు. గోడతో మాట్లాడతారు. బాత్రూంలో కళ్ళు తిరిగి కూలబడ్డ రోజునుంచీ ఇదే వరస. ఈ వయసులో నా మీద అలకేమిటో నాకర్థం కాదు."

"మీ మంచం ఆయనకి ఏ పక్కనుంది అమ్మమ్మా?"

"ఎడమ పక్క. ఎందుకూ?"

పిన్ని వంగి, సర్వేయరు గారి ఎడమ మోచేతి మీద, తలుపు చెక్కకు కొట్టుకున్నట్టున్న దెబ్బల్ని పరీక్షగా చూసింది.

శుక్రవారం డాక్టరమ్మ మూడు నిమిషాల్లో కాయితం మీద సంతకం పెట్టి పోవాల్సింది. గుమ్మంలో పళ్ళెం పట్టుకుని పిన్ని నిలబడింది. జరిగిందంతా విని డాక్టరమ్మ కలం మూసి, సర్వేయరు గారి ఎదుట నిలబడి రెండు చేతులూ చాచింది. ఆయనకు కుడివైపున్న వేళ్ళు ఆడించింది.

"ఏమైనా కదులుతోందా తాతగారూ?"

"మీ వేళ్ళు కదులుతున్నాయి."

ఈసారి ఎడమవైపు వేళ్ళు ఆడించింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు మానేశారు."

డాక్టరమ్మ అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఆ బాత్రూం రోజున మెదడుకి రక్తం అందక చిన్న దెబ్బ తగిలి ఉంటుంది. కళ్ళు బాగానే ఉన్నాయి గానీ, ఎడమవైపు ఒక లోకం ఉందన్న సంగతి మెదడు మరిచిపోయింది. వెంటనే స్కానింగ్ తీయించాలి, మందులు వాడాలి. పై అంతస్తు కాయితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. ఆయన కేసు షీటులో, మాత్రల పేర్ల పైన, పెద్ద అక్షరాలతో రాసింది: "పళ్ళెం తిప్పవలెను. పూటకొకసారి." గిన్నెలు తోమే మనిషి కనిపెట్టిన వైద్యం ఆ షీటుల్లోకి ఎక్కడం అదే ప్రథమం.

సూపర్నెంటు గారు గరిటె ఆలోచన మానుకున్నారు. మంగళవారాలు మాత్రం పళ్ళాలు గీకకుండా పంపాలని కొత్త ఆజ్ఞ జారీచేశారు. మిగతా రోజుల నీళ్ళ పొదుపు వదులుకోలేదు. పిన్ని కూడా అడగలేదు. రెండు వారాల్లో ఇంకో ముగ్గురి సంగతులు బయటపడ్డాయి. ఒకామెకు తెల్లన్నం తెల్ల పింగాణీలో కనబడట్లేదు, ఒకాయనకు చెంచా బరువైంది, ఇంకొకాయనకు కూర నిజంగానే నచ్చలేదు. బకెట్ ఆరు కిలోలకు దిగింది.

స్కానింగ్ కోసం వెళ్ళిన ఆస్పత్రి నుంచి సర్వేయరు గారు నాలుగో రోజునే తిరిగొచ్చేసరికి, ఆయాలు అమ్మమ్మగారి మంచాన్ని ఆయన కుడి పక్కకు మార్చి ఉంచారు. ఆయన మంచం మీద కూర్చుని, ఇటు తిరిగి, భార్యను చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"ఏమేవ్, ఎక్కడికెళ్ళిపోయావ్ ఇన్నాళ్ళూ?"

అమ్మమ్మగారు కొంగుతో ముఖం కప్పుకుని చాలాసేపు తియ్యలేదు.

వారం గడిచాక పిన్ని హాల్లోకి తొంగి చూసి, ఎలా ఉంది అమ్మమ్మా అని పలకరించింది.

"ఏం చెప్పమంటావ్. కొంగు నేల మీద జీరాడుతోందంటారు, దుప్పటి వంకరంటారు, తల దువ్వుకోలేదంటారు. పొద్దస్తమానం కొలతలే. ఆ పక్కనున్నప్పుడే ప్రాణం హాయిగా ఉండేది తల్లీ."

"మంచం మళ్ళీ అటు మార్పించమంటారా?"

"ఛ, నోర్ముయ్యి" అంది అమ్మమ్మగారు, భర్త పళ్ళేన్ని మెల్లగా తిప్పుతూ.