నిజాంపట్నం పాయలో తెరచాప బోటు, సీతారావమ్మగారి తీర్పు

ఫిబ్రవరి మొదట్లో పద్మజ ఫోన్ చేసింది. "బోటుకి తెరచాప కొయ్య నిలబెట్టాలే. ఆదివారం వచ్చెయ్. వచ్చేటప్పుడు మా అత్తయ్యని కూడా తీసుకురా. ఆవిడ ఎక్కి చూశాకే బోటు ఉంచాలో అమ్మాలో చెబుతుందట," అంది. కాలేజీ రోజుల్లో మేమిద్దరం క్యాడెట్ క్యాంపుల్లో తెరచాప పడవలు నడపడం నేర్చుకున్నాం. తర్వాత నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగంలో చేరాను, తను రేపల్లెలో లెక్చరర్ అయింది. తెరచాప సంగతి నేను మర్చిపోయాను గానీ తను మర్చిపోలేదు. రెండేళ్ళ క్రితం చెన్నైలో ఎవరో వాడకుండా పడేసిన ఇరవై అడుగుల ఫైబర్ బోటు కొంది. వాళ్ళాయనకు లారీ ఉంది. మిర్చి దింపి ఖాళీగా వచ్చే లారీలోనే ఆ బోటు ఇంటికొచ్చింది. నెల రోజుల దాకా దాని లోపల దూరిన వాళ్ళందరూ తుమ్ముతూనే ఉన్నారట.

వాళ్ళ అత్తగారు సీతారావమ్మగారిది ప్రత్తిపాడు దగ్గర పల్లె. మిరప, పత్తి వ్యవసాయం ఆవిడే చూసుకుంటారు. కోతలు నడుస్తున్నా ఒక్కరోజు కూలీలకి పని అప్పజెప్పి, ముందురోజు సాయంత్రమే గుంటూరు వచ్చేశారు. పొద్దున్నే అయిదున్నరకి బస్టాండులో రేపల్లె బస్సు ఎక్కాం. తెనాలి మీదుగా రెండు గంటల ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని ఆవిడ, "సునామీ వచ్చిన దగ్గర్నుంచి టీవీలో సముద్రం కనిపిస్తే ఛానెల్ మార్చేస్తానమ్మా. ఈ పిల్లేమో ఏకంగా బోటే కొనుక్కొచ్చింది. ఎక్కి చూస్తా. గుండె జారిందనుకో, అమ్మేయమంటా. మావాడు నా మాట తీసెయ్యడు," అన్నారు. పద్మజ సంగతి తెలిసినదాన్ని కాబట్టి నాకు కాస్త బెంగగానే ఉంది. సెలవులన్నీ ఆ బోటు మీదే పెట్టిందని నాకు తెలుసు.

రేపల్లె నుంచి నిజాంపట్నానికి షేర్ ఆటోలు దొరుకుతాయి. తలకి పదిహేను రూపాయలు. రోడ్డుకి రెండు వైపులా కోసేసిన వరి మళ్ళు, ఆ తర్వాత రొయ్యల చెరువులు. హార్బరు సముద్రం ఒడ్డున కాదు, కాస్త లోపలికి, పాయ ఒడ్డున ఉంటుంది. చేపల బోట్ల వరుస చివర పద్మజ బోటు తెల్లగా, చిన్నగా కట్టేసి ఉంది. దాని అడుగున నిలువుగా ఇనుప రెక్క ఒకటి ఉంటుంది. కీల్ అంటారు. ఆ బరువు వల్ల గాలికి బోటు ఎంత ఒరిగినా మళ్ళీ లేచి నిలబడుతుంది. ఆ రెక్క వల్లే నాలుగడుగుల లోతు లేనిచోట కదలదు. సంక్రాంతి సెలవుల్లో పద్మజ దాన్ని గట్టెక్కించి, అడుగున పట్టిన గుల్లలన్నీ గీకి, తుప్పు రాకుండా రంగు వేసిందట. గీకేటప్పుడు అరచేతుల్లో లేచిన పుళ్ళు ఇంకా మానలేదు.

కొయ్య నిలబెట్టడానికి సాయం వచ్చిన నాంచారయ్య పక్క బోటు యజమాని. "పోటు పదకొండుకి నిండుద్దమ్మా. రెండున్నర లోపు తిరిగొచ్చెయ్యండి. తర్వాత నీళ్ళు తీస్తే మీ బోటు బురదలో కూర్చుంటది," అన్నాడు. అల్యూమినియం కొయ్య పొడుగే గానీ బరువు తక్కువ. అతనూ ఇంకో ఇద్దరూ ఎత్తి పట్టుకుంటే మేం దాన్ని నిలిపి ఉంచే నాలుగు ఉక్కు తీగలు బిగించాం: ముందు ఒకటి, వెనక ఒకటి, పక్కలకి చెరొకటి. ఒక్కో తీగ కొసన మర తిప్పుతూ, దూరంగా నిలబడి కొయ్య నిటారుగా ఉందో లేదో చూసుకుంటూ, రెండు గంటలు పట్టింది. తెచ్చుకున్న పులిహోర గట్టు మీదే తిన్నాం. సీతారావమ్మగారు చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, నా భుజం పట్టుకుని బోటులోకి దిగారు.

పాయ దాటేదాకా చిన్న ఇంజను మీద వెళ్ళాం. ముఖద్వారం దగ్గర నీళ్ళ రంగు మారింది. దక్షిణం గాలి మొదలైంది. ఇంజను ఆపి తెరచాప ఎత్తాం. బోటు కుడికి ఒరిగి వేగం అందుకుంది. సీతారావమ్మగారు ఎడమ పక్క అంచు గట్టిగా పట్టుకుని, "ఒరిగిపోతోందే పద్మా!" అని అరిచారు. "ఒరుగుతుంది అత్తయ్యా, పడదు. కింద ఇనుముంది," అని పద్మజ నవ్వింది. పది నిమిషాలకి ఆవిడ చేతులు కాస్త సడలాయి. దూరాన వలలు లాగుతున్న పడవల్ని చూస్తూ ఏదో అడగబోయారు.

అప్పుడే టంగుమని చప్పుడైంది. ఎడమ పక్క తీగ తెగి, నా చెవి పక్క నుంచి కొరడాలా వెళ్ళింది. పైన కొయ్య విల్లులా వంగింది. గాలి ఎడమ నుంచి వస్తున్నప్పుడు కొయ్యని ఆపేది ఆ తీగే.

"తిప్పు! పద్మా, తిప్పెయ్!" అని అరిచాను. తను అప్పటికే చుక్కాని పిడిని నెట్టేసింది. "తల వంచు అత్తయ్యా!" అని కేకేసింది. తెరచాప మా తలల మీదుగా అటు నుంచి ఇటు వచ్చింది. బోటు మలుపు తిరిగింది. ఇప్పుడు గాలి కుడి నుంచి. బరువంతా కుడి తీగ మీద పడింది. కొయ్య నిలబడింది.

కానీ ఎడమ పక్క ఏ ఆధారమూ లేదు. బోటు మళ్ళీ అటు తిరిగితే కొయ్య మా మీదే కూలుతుంది. కొయ్య కొస నుంచి దిగే అదనపు తాడొకటి ఉంది. దాన్ని ఎడమ అంచుకి లాగి కట్టాలి. ఊగుతున్న బోటులో దానికి ఇద్దరం కావాలి. మరి చుక్కాని? పద్మజ అత్తగారి చెయ్యి తీసుకుని పిడి మీద పెట్టింది.

"అత్తయ్యా, ముందుకే చూడు. గాలి నీ కుడి చెంపకే తగులుతూ ఉండాలి. ఎడమ చెంపకి తగలనివ్వకు. అంతే."

"తూర్పారబట్టేటప్పుడు చూసుకోనూ? నాకు తెలుసులే, మీరు పొండి," అన్నారావిడ. పిడిని రెండు చేతులా పట్టుకున్నారు. ఒకసారి బోటు కాస్త తిరగబోతే, "ఇదేంటే, నేనిటంటే అదటు పోతది!" అని అరుస్తూనే పిడిని సరైన వైపు లాక్కున్నారు. మేం తాడు లాగి, బిగించి, ముడివేశాం. తెరచాప దించేశాం. ఇంజను మూడోసారికి అందుకుంది.

ఒడ్డు చేరాక పద్మజ తెగిన తీగ పరిశీలించింది. కింది కొసన చుట్టిన నల్ల టేపు విప్పితే లోపల తీగపోగులు తుప్పుతో పొడిపొడిగా రాలాయి. బోటు పాత యజమాని చుట్టిన టేపు అది. తను అత్తగారి వైపు చూడకుండానే, "సరే అత్తయ్యా. అమ్మేస్తాను," అంది.

సీతారావమ్మగారు ఆ తీగ ముక్కని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎట్లా అమ్ముతావే? ఇట్లాంటి తీగలతో ఇంకోడి నెత్తిన రుద్దుతావా? నాలుగూ కొత్తవి వెయ్యి."

"వేశాక అమ్ముతాలే."

"వేశాక చూద్దాం. ముందు ఆ పిడి ఇటంటే అటెందుకు పోతదో నాకు చెప్పు," అన్నారు.

పద్మజ అక్కడే గట్టు మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు మేం సముద్రంలోకి ఎంతో దూరం పోలేదు. చూసొచ్చామని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా తిరుగు బస్సులో నాకు నిద్ర పట్టలేదు. ప్రమాదం గుర్తొచ్చి కాదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా గొంతులోంచి 'తిప్పు' అన్న ఆ మాట సరైన క్షణంలో వచ్చిందే అన్న ఆశ్చర్యం. పక్క సీట్లో సీతారావమ్మగారు మాత్రం నోరు తెరుచుకుని హాయిగా గురక పెడుతున్నారు.

మీరూ పాత బోటు కొనుక్కుంటే, నీళ్ళలోకి దించే ముందు తీగల కొసల్లో టేపు చుట్టిన ప్రతిచోటా విప్పి, ఒక పాత గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డ పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ పోయినట్టే. దాన్ని ఆ రోజే మార్చెయ్యండి.